అసలు మనవడికి, కొసరు తాతలకి

మా నాన్నది తెనాలిలో చిల్లర కొట్టు. కందిపప్పు తూచి, పొట్లం కట్టి, డబ్బు గల్లాలో వేసుకున్నాక కూడా కొన్నవాడి చెయ్యి వెనక్కి పోయేది కాదు. "కొసరు?" అనేవాడు. నాన్న విసుక్కుంటూనే ఆ చేతిలో గుప్పెడు పుట్నాలో, బెల్లం ముక్కో పెట్టేవాడు. ఆ కొట్టు వెనక గోనె బస్తాల మీద పెరిగినవాణ్ణి నేను. అసలు కంటే కొసరు మీద ధ్యాస ఎక్కువ. అరవై దాటినా అది పోలేదు.

పోయిన వానాకాలం నాకు న్యుమోనియా చేసింది. మా వైపూ, మా అమ్మాయిని ఇచ్చిన శ్రీకాకుళం వైపూ కూడా పెద్దవాళ్ళు దాన్ని నిమ్ము అంటారు. తగ్గాక డాక్టరుగారు, "మీ వయసువాళ్ళకు దీనికి టీకా ఉంది, వేయించుకోండి" అన్నారు. ధర అడిగాను. చెప్పారు. మళ్ళీ ఊపిరి ఆగినంత పనైంది. "కాస్త చూసి చెప్పండి" అన్నాను అలవాటు కొద్దీ. ఆయన నవ్వి, "ఇదే జబ్బుకు పసిపిల్లలకు సర్కారువాళ్ళు ఊరికే వేస్తున్నారండీ. తమాషా ఏమిటంటే, పిల్లలకు వేసిన చోట పెద్దవాళ్ళకూ ఈ జబ్బు కొంత తగ్గుతుంది. ఆ సూక్ష్మజీవి ఎక్కువగా కాపురముండేది పిల్లల ముక్కుల్లో, గొంతుల్లో. అక్కణ్ణుంచి ఇంట్లో ముసలివాళ్ళ ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. పిల్లల దగ్గర దానికి చోటు లేకుండా చేస్తే..." అని ఇంకా ఏదో చెబుతున్నారు. 'ఊరికే' అన్న మాట దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. అసలు మనవడికి, కొసరు నాకు. ఇంతకంటే మంచి బేరం ఏముంటుంది? మందులు మాత్రం కొనుక్కుని ఇంటికొచ్చేశాను. మనవడుండేది పాతపట్నం అవతల, నేనుండేది తెనాలి. అంతదూరం కొసరు ఎలా నడిచొస్తుందో ఆలోచించలేదు.

మాఘం వెళ్ళాక మా అమ్మాయి శ్రావణి ఫోన్ చేసింది. దాని ఉద్యోగం పాతపట్నంలో బ్యాంకులో, అత్తవారిల్లు ఆ పక్క పల్లెలో. వాళ్ళది వరి పండించే కుటుంబం.

"నాన్నా, మామయ్యగారు పాకలో పడుకుంటున్నారు."

"ఎందుకమ్మా, గొడవైందా?"

"గొడవ కాదు. చలికాలంలో ఆయనకు నిమ్ము చేసి ఆసుపత్రిలో పెట్టామా, అప్పట్నించి బాబుని ముట్టుకోవట్లేదు. తన దగ్గు వాడికి అంటుకుంటుందని భయం. ఇప్పుడు ఊళ్ళో అమ్మవారి పండగ. అమ్మవారి ఘటం గుమ్మంలోకి వచ్చినప్పుడు ఇంట్లో కొత్తగా పుట్టిన బిడ్డని తాత ఎత్తుకుని నిలబడాలట. ఆయన ఎత్తనంటున్నారు. బాబుకి తొమ్మిదో నెల సూదులు కూడా ఆగిపోయాయి. చాటింపు వేశాక ఊళ్ళో సూది పట్టకూడదని మామయ్యగారి తల్లి, ముసలమ్మగారి ఆజ్ఞ. నువ్వు బేరాలాడతానంటావుగా, వచ్చి ఆడు."

అలా బయల్దేరాను.

విజయనగరంలో అరటిపళ్ళు

పొద్దున్నే రైలు దిగాను. వియ్యాలవారింటికి ఒట్టి చేతులతో వెళ్ళలేం కదా, మార్కెట్లో అరటిపళ్ళ గంప ముందు ఆగాను. గంప వెనక ఒక పెద్దావిడ, కొప్పులో చామంతి.

"డజను ఎంత?"

"అరవై."

"ముప్పై."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఏ ఊరు బాబూ మీది?"

"తెనాలి."

"ఓలమ్మ! తెనాల్లో అరిటితోటలు లేవేటి? అక్కడ కొనుక్కోకుండా ఇంతదూరం మోసుకొచ్చేవు ఆ మూతిని, బేరమాడ్డానికి?"

పక్క గంపలవాళ్ళంతా నవ్వారు. ఓ ముసలాయన, "ఇచ్చేయే, రైలు ఛార్జీ గిట్టాల కదా ఆ బాబుకి" అన్నాడు. నేను అరవైకే కొన్నాను. తీరా పళ్ళు సంచిలో వేసుకున్నాక నా చెయ్యి దానంతటదే ముందుకు చాచుకుంది.

"ఏటది?"

"కొసరు."

"అసలుకే నీతోటి పేణం తోడీసింది, ఇంక కొసరేటి?" అంటూనే ఒక పచ్చికాయ నా అరచేతిలో పెట్టింది. "ముగ్గబెట్టుకుని తిను. ఓపిక నేర్సుకుంటావు."

కోట గోడ పక్కన బండి మీద ఇడ్లీ తిన్నాను. మెత్తగా, వెన్నలా ఉన్నాయి. అల్లం పచ్చడిలో బెల్లం తగిలింది. మా వైపు పచ్చడి నాలుక మీద నిప్పు పెడుతుంది, ఇక్కడిది బుగ్గ నిమురుతుంది. కారం పొడి అడిగితే బండివాడు, "కడుపులో పుండుందేటి బాబూ?" అన్నాడు. పుండు తగ్గడానికి కారం తింటారని మా గుంటూరు జిల్లావాళ్ళ గురించి అతనికెవరో చెప్పారట. నేను కాదనలేదు.

సాలూరు చింతపండు

విజయనగరం నుంచి పాతపట్నానికి సూటిగా పోవచ్చు. నేను చుట్టుతిరిగి సాలూరు వెళ్ళాను. కారణం భక్తి కాదు, చింతపండు. కొండల మీంచి దిగే చింతపండు సాలూరులో చవకని మా నాన్న చెప్పేవాడు.

సాలూరు లారీల ఊరు. రోడ్డుకు రెండు పక్కలా లారీలు, ఆ వెనక లారీలు కట్టేవాళ్ళు, వాటికి రంగులేసేవాళ్ళు. సగం కట్టిన లారీ తొట్టి నీడలో కూర్చుని చద్దన్నం తింటున్నారు కొందరు. అంగట్లో ఒక షావుకారు దగ్గర గింజ తీసిన చింతపండు బుట్ట చూశాను. తడిమాను, వాసన చూశాను, పెదవి విరిచాను, వెళ్ళిపోతున్నట్టు నటించాను, వెనక్కి వచ్చాను. చిన్నప్పట్నించీ నేర్చుకున్న నాటకమంతా ఆడి, అడిగిన ధరలో మూడో వంతు తగ్గించాను. ఆయన కూడా తన వంతు నటించాడు. "మీలాంటోళ్ళు నలుగురొస్తే నాను కొట్టు మూసుకోవాల" అని నుదురు కొట్టుకున్నాడు. నాకు ఎంత తృప్తి అనిపించిందో! రెండు మైళ్ళు పోయాక బుట్ట కదిపి చూస్తే పైన ఒక పొరే గింజ తీసింది. కిందంతా గింజలు, తడి, కొంచెం పుల్లలు కూడా.

ఆ రెండు మైళ్ళు నేను పోయింది లారీలో. పార్వతీపురం మీదుగా పాతపట్నం వైపు ఖాళీగా వెళ్తున్న డ్రైవరు సత్తిబాబు, బస్సు ఛార్జీకి పైసా తగ్గనంటూనే ఎక్కించుకున్నాడు. కొండలు దగ్గరకొస్తూ పోతున్నాయి. జీడిమామిడి పూత వాసన కిటికీలోంచి వస్తోంది. నా బుట్టలో గింజలు చూసి అతను పగలబడి నవ్వాడు.

"ఆ షావుకారు దగ్గర మా ఊరోళ్ళు కొనరు బాబూ. మీలాటి బేరగాళ్ళ కోసవే ఆ బుట్ట ఎట్టుకున్నాడు."

ఎందుకొచ్చావని అడిగితే కథంతా చెప్పాను. పిల్లల సూది వల్ల ముసలివాళ్ళకు మేలు అనేసరికి అతను బండి కొంచెం నెమ్మది చేశాడు.

"మా అమ్మకి ఏటేటా నిమ్మే. ఈ ఏడు రాలేదు. మందు మారిసినందుకనుకున్నాం. నా ఇద్దరు పిల్ల గుంటలకీ ఊరి ఆశా వర్కరమ్మ దగ్గరుండి సూదులన్నీ ఏయించింది. అందువల్లంతావా?"

"అందువల్లే అని చెప్పలేను. కావచ్చు, కాకపోవచ్చు. మా డాక్టరుగారు 'కొంత' అన్నారు."

"కొంతయినా సాల్లే. ఏడిసింది గుంటలు, మేలయింది మా అమ్మకి. ఇంటికెల్లి సెప్తాను, ఇద్దరికీ సాక్లెట్లు కొనిపెట్టమని." హారన్ ఒకసారి గట్టిగా కొట్టి మళ్ళీ స్పీడందుకున్నాడు.

తాలింపు లేని ఊరు

పాతపట్నంలో లారీ దిగి ఆటో ఎక్కితే, ఊరు రాకముందే పొలిమేర దగ్గర దారికి అడ్డంగా వేపమండల తోరణం కనిపించింది. పండగకు డప్పు కొట్టి చాటింపు వేశారన్నమాట. ఇక అమ్మవారిని సాగనంపేదాకా, దాన్ని అనుపు అంటారు, ఊళ్ళో ఎవరూ తాలింపు వెయ్యరు, సూది పట్టరు, జుట్టు కత్తిరించరు. ఊళ్ళోవాళ్ళు బయటికి వెళ్ళినా చీకటి పడేలోగా తిరిగి రావాలి. మా వైపు జాతర అంటే ప్రభలూ, పాటకచ్చేరీలూ. ఇక్కడ ఊరు ఊరంతా గొంతు తగ్గించుకుని, ఇంటికొచ్చిన పెద్ద ముత్తైదువకు అడ్డం రాకుండా తిరుగుతున్నట్టు ఉంది.

గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, పెరటి పాకలోంచి కేక.

"బావా! ఒచ్చేవా! అక్కడే నిలబడు, దగ్గిరికి రాకు!"

మా వియ్యంకుడు అప్పలనాయుడు. మెళ్ళో తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని పాక గుమ్మంలో నిలబడ్డాడు. పెళ్ళిలో నన్ను ఎత్తి గిరగిరా తిప్పిన మనిషి. సగానికి సగం అయ్యాడు.

"నాకూ వచ్చింది బావా నిమ్ము. నన్నేం చేస్తావు నువ్వు?" అని వెళ్ళి పక్కనే కూర్చున్నాను.

"నీకైతే పరవాలేదు. బతికి ఏం ఉద్ధరించాలి నివ్వు?" అని నవ్వి, ఆ నవ్వుకే కాస్త ఆయాసపడ్డాడు. చింతపండు బుట్ట చూపించాను. గింజలు ఏరుతూ ఆయన చాలాసేపు ఆనందించాడు. "తెనాలి బేరగాడిని సాలూరోడు ముంచేసేడే! అమ్మా, ఇది సూసేవా?" అని ఇంట్లో ఉన్న తల్లిని కేకేశాడు.

ఇంతలో మనవడు పాక్కుంటూ వచ్చాడు. తొమ్మిది నెలలవాడు, ముక్కు కారుతోంది, నేలంతా వాడిదే. తాత గొంతు వినబడిన వైపు పరుగులాంటి పాకుడు. అప్పలనాయుడు నవ్వు ఆపేసి, లేచి, పాకకున్న సగం తలుపు మూశాడు. వాడు ఆ తలుపు చెక్కను అరచేత్తో బాదుతూ కూర్చున్నాడు. ఇవతల వాడు, అవతల ఆయన. శ్రావణి వచ్చి ఎత్తుకుపోయేదాకా ఆయన అటు తిరిగి చింతగింజలే ఏరాడు.

"రోజూ ఇంతేనా?" అన్నాను.

"ఏటి సేయమంటావు బావా? ఒకేళ నా నుంచి ఆడికేదైనా అయితే? అనుపు నాడు నివ్వున్నావు కదా, నివ్వెత్తుకో. తాతవే కదా."

ఆలస్యమైన మధ్యాహ్న భోజనంలో తాలింపు లేని పప్పు, ఆవ పెట్టిన అరటికాయ కూర, బెల్లం వేసిన పులుసు. నేను తిననని చేపలు మానేశారట, ఆ ఒక్క సంగతీ మా అల్లుడు రెండుసార్లు చెప్పాడు, త్యాగం గుర్తుండాలని. తాలింపు లేకపోతే పప్పు పప్పులా ఉంటుందని నాకు అరవై ఏళ్ళకు తెలిసింది. రెండోసారి వడ్డించుకున్నాను.

అరుగు మీద బేరం

ఆ ఇంటి అసలు యజమాని సింహాచలమ్మ గారు, మా వియ్యంకుడి తల్లి. ఎనభై దాటి చాలా కాలమైంది. సాయంత్రం పూట ముందుగదిలో కూర్చుని చుట్ట తాగుతుంది. అది కూడా అడ్డపొగ, నిప్పు ఉన్న కొస నోట్లోపల. మొదటిసారి చూసినప్పుడు ఆవిడ చుట్ట తింటోందనుకుని నేను నీళ్ళు తెచ్చాను.

ఆవిడను అరుగు మీదికి పిలిచి, పక్కన కూర్చుని బేరం మొదలుపెట్టాను.

"అమ్మా, బాబుకి సూదుల టైమైంది కదా. రెండు సూదులు. ఒకటి తట్టుకి, ఒకటి నిమ్ముకి."

"తట్టంటే అమ్మోరే. ఆవే ఊళ్ళోకి ఒచ్చి కూకుంది. ఆ తల్లి ముందర సూది పడతామేటి? అనుపు అవనీ."

"నర్సమ్మ వచ్చి వెళ్ళిపోయిందట కదా. ఆలస్యమైతే..."

"మళ్ళీ ఒస్తాది. ఆ పిల్ల మంచిదే. ఆవిడికీ సెప్పేను, అనుపయ్యేక రమ్మని."

"పోనీ ఒక్క సూది, నిమ్ముది మాత్రం?"

"సూదంటే సూదే. ఇదేటి వంకాయల బేరవా, ఒక పుచ్చు తీసెయ్యడానికి?"

బెదిరించాను. "వాడికి నిమ్ము వస్తే ఎలా?" అన్నాను. "ఆడికేటవుతాది? అమ్మోరి బిడ్డ" అంది. బతిమాలాను, చుట్ట రెండో బుగ్గకు మార్చుకుంది. వెళ్ళిపోతున్నట్టు లేచాను. వెనక్కి పిలవలేదు. నా జన్మలో అలాంటి షావుకారును చూడలేదు. సిగ్గుతో మళ్ళీ కూర్చున్నాను.

ఇక బేరం మాని మామూలుగా మాట్లాడటం మొదలెట్టాను. మా డాక్టరుగారు చెప్పింది చెప్పాను. ఆ సూది ఒక్క పిల్లాడి కోసమే కాదమ్మా, ఆ పురుగు పిల్లల ముక్కులో చేరి పెద్దవాళ్ళ రొమ్ములోకి దిగుతుంది, పిల్లల దగ్గర దాని చోటు తగ్గితే ఇంట్లో ముసలివాళ్ళకూ మేలు, అన్నాను.

ఆవిడ చుట్ట తీసి చేత్తో పట్టుకుంది.

"ముసిలోళ్ళంటే ఎవరు?"

"మీరు. నేను. అప్పలనాయుడు బావ."

"నన్నొగ్గేయ్. నీ సంగతి నీది. నా పిల్లడికి మేలంటావా?"

ఆ పిల్లడికి డెబ్బై ఏళ్ళు. పాకలో తువ్వాలు చుట్టుకుని దగ్గుతున్నాడు. ఆ దగ్గు వినబడగానే ఆవిడ మెడ అటు తిరిగింది. ఆసుపత్రిలో ఆయన ముక్కుకు గొట్టం పెట్టిన రోజు ఆవిడ మంచం పట్టుకుని వదల్లేదని శ్రావణి చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. నేను ఇంతసేపూ తప్పు సరుకుకు బేరమాడుతున్నాను.

"పూర్తిగా అని కాదమ్మా. కొంత" అన్నాను. ఆవిడ దగ్గర ఎక్కువ చెప్పడానికి ధైర్యం చాల్లేదు.

ఆవిడ చుట్ట నుసి అరుగు కిందికి దులిపింది. తర్వాత మెల్లగా అంది. "సాటింపు ఈ ఊరికే కదా. పొలిమేర దాటినాక ఇక్కడి అమ్మోరికి పనేటి? సికాకులానికి ఆ ఊరి అమ్మోరు ఏరే ఉన్నాది. ఆవిడ ఏటీ సాటించలేదు."

నేను నోరు తెరిచాను. ఆ మాట నాకు తోచలేదు. ఊరి కట్టు ఊరి పొలిమేర వరకే!

"పట్టుకెల్లండి. పొద్దు గూకకుండా బేగి వొచ్చీవాల. ఇంకో మాట. ముందర ముసిలోళ్ళిద్దరూ ఏయించుకోండి ఆ సూది. మీరు పడిపోకుండా నిలబడితే అప్పుడు బిడ్డకి."

"మాకెందుకమ్మా! బాబుకి వేస్తే మాకు కొసరు..."

"కొసరుకి ఎగబడీవోడు అసలు సరుకు సూసుకోడు. సాలూర్లో సూసేం కదా."

ఆవిడ ముందు నేను ఆఖరి ప్రయత్నం చేశాను. "సరే. కానీ నాదీ ఒక షరతు. బాబున్న గదిలో చుట్ట కాల్చకూడదు. పొగ కూడా వాడి రొమ్ముకు మంచిది కాదు, మీ పిల్లడికీ కాదు."

ఆవిడ చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుని, అరుగు చివరికి జరిగి కూర్చుంది. "ఇక్కడ సాలా?"

"ఇంకొంచెం అటు."

"ఒరే, సచ్చినోడా!" అంది. కానీ జరిగింది.

శ్రీకాకుళంలో డాక్టరమ్మ

మర్నాడు బస్సులో నలుగురం: శ్రావణి ఒళ్ళో బాబు, వెనక సీట్లో తువ్వాలుతో అప్పలనాయుడు, ఆయన పక్కన నేను. ఒక పల్లె దగ్గర ఎక్కినామె తన చేపల గంప నా కాళ్ళ మీద సగం పెట్టింది. "సూసుకోండి బాబూ, కారతాది" అంది, కారాక. శ్రీకాకుళంలో దిగేసరికి నా పంచెకు సముద్రం వాసన. మా వియ్యంకుడు మాత్రం ఆ వాసనకు ఉత్సాహపడ్డాడు.

ముందు ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాం, ముసలమ్మగారి ఆజ్ఞ కదా. డాక్టరమ్మ చిన్నావిడ, కళ్ళజోడు. ఇద్దరినీ పరీక్షించి, పాత కాగితాలు చూసి, "వేయించుకోవాల్సిన వాళ్ళే" అంది. ధర నాలుగు వేలకు దగ్గరగా చెప్పింది. తెనాలిలో చెప్పిందే! ఇంతదూరం వచ్చినా తగ్గలేదు.

"రెండు తీసుకుంటున్నాం కదండీ" అన్నాను.

"మూడోవాణ్ణి తీసుకొచ్చినా అంతేనండీ. ఇది చీరల కొట్టు కాదు."

"మనవడికి ఊరికే వేస్తారు కదా, దాని మేలు మాకూ వస్తుందంటారు. మళ్ళీ మాకెందుకు?"

ఆవిడ కలం కింద పెట్టింది. "వస్తుంది, నిజమే. పిల్లలు బాగా వేయించుకున్న చోట పెద్దవాళ్ళలో ఆ రకాల నిమ్ము తగ్గింది. కానీ ఈ క్రిమిలో రకాలు చాలా ఉన్నాయి, టీకాలో ఉన్నవి కొన్నే. నిమ్ము వేరే వాటివల్ల కూడా వస్తుంది. మీ మనవడొక్కడు వేయించుకుంటే చాలదు, బజార్లో మీరు కలిసే పిల్లలందరూ వేయించుకోవాలి. అందుకే ఆ మేలుని మీ బేరాల భాషలో ఏమంటారో అనుకోండి, దాని మీదే కాపురం చెయ్యకండి."

అప్పలనాయుడు గొంతు సవరించుకున్నాడు. వచ్చినప్పట్నించీ ఆయన అడగాలనుకున్న మాట ఒక్కటే.

"డాక్టరమ్మా, నా నుంచి బిడ్డకి అంటదా? నాను ఆడిని ఎత్తుకోవచ్చా?"

"ఇప్పుడు జ్వరం లేదు, రొమ్ము శుభ్రంగా ఉంది, ఆ దగ్గు పాత ఆయాసంది. ఎత్తుకోండి. జలుబు, జ్వరం చేసినప్పుడు మాత్రం దూరంగా ఉండండి. నిజం చెప్పాలంటే, ఈ జబ్బు ఎక్కువగా నడిచే దారి పిల్లల నుంచి మీకు. ఆ పిల్లాడికి ఇప్పటికే రెండు డోసులు పడ్డాయి. మీరు దాక్కోవాల్సిన అవసరం లేదు."

అప్పలనాయుడు బాబు వైపు చూశాడు. బాబు డాక్టరమ్మ స్టెతస్కోపు నోట్లో పెట్టుకోడానికి చూస్తున్నాడు.

"ఆడి నుంచి నాకా? ఓర్నీ!"

"వేసిన రోజే పనిచెయ్యదు, రెండు మూడు వారాలు పడుతుంది" అని కూడా చెప్పి, మా చేతులకు సూదులు వేయించింది. నేను కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, మా నాన్న పేరు తలుచుకున్నాను. అప్పలనాయుడు చీమ కుట్టినంత కూడా చలించకుండా, "అయిపోయిందేటి? నాగలి పట్టిన సెయ్యికి ఇదో లెక్కా" అన్నాడు. తర్వాత పక్కనే ఉన్న సర్కారు ఆరోగ్య కేంద్రంలో బాబుకి రెండు సూదులూ పడ్డాయి. పైసా అడగలేదు. వాడు వీధి చివరికి వినబడేలా ఏడ్చాడు. ఇంటికెళ్ళాక ఒళ్ళు వెచ్చబడితే ఏం వెయ్యాలో నర్సమ్మ శ్రావణికి చెప్పి పంపింది.

తిరుగు బస్సు దారిలో ఆగిపోయింది. డ్రైవరు కిందికి దిగి చక్రాన్ని కాలితో తన్ని, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగాడు. పొద్దు వాలుతోంది. అప్పలనాయుడు కిటికీలోంచి సూర్యుణ్ణి చూస్తూ, "బేగి కానియ్ బాబూ, మాయమ్మ గుమ్మంలో కూకుంతాది" అని డ్రైవరుకు పదేపదే చెప్పాడు. తోరణం కిందుగా ఆటో ఊళ్ళోకి దూరేసరికి ఇంకా నారింజ రంగు మిగిలే ఉంది. ముసలమ్మగారు అరుగు చివర కూర్చుని ఉంది, సూది పడ్డ ముగ్గురినీ తేరిపార చూసింది.

"నిలబడ్డారు" అంది, కొంచెం నిరాశగా.

ఆ రాత్రి బాబుకి కాస్త ఒళ్ళు వెచ్చబడింది. శ్రావణి జ్వరం మందు చుక్కలు వేసింది, పొద్దునకు చల్లబడింది. కానీ అప్పలనాయుడికి బెదురు తిరగబెట్టింది. పాకలోంచి రాలేదు. "డాక్టరమ్మ సెప్పింది, నాను ఇన్నాను. కానీ బావా, సేతులు రావు" అన్నాడు. అంత పెద్ద అరచేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు.

ఘటం వచ్చిన పొద్దు

అనుపు నాడు డప్పు మూడో వీధిలో ఉండగానే ఊరంతా గుమ్మాల్లో ఉంది. ఘటం మోసే మనిషి కాళ్ళ మీద పొయ్యడానికి ఇంటింటికీ పసుపు నీళ్ళ బిందెలు, వేపరెమ్మలు. శ్రావణి బాబుకి కొత్త చొక్కా వేసి నా చేతుల్లో పెట్టబోయింది, తాతవే కదా అని. నేను తీసుకోలేదు. భుజం నొప్పిగా ఉందన్నాను. సూది వేసిన చోటు నిజంగానే సలుపుతోంది, అందుకని అది పూర్తి అబద్ధం కాదు.

డప్పు దగ్గరైంది. పసుపు పూసిన ఘటం నెత్తిన పెట్టుకున్న మనిషి అడుగులు వేస్తూ మా వీధి మలుపు తిరిగాడు.

సింహాచలమ్మ గారు పాక వైపు తిరిగి ఒకే కేక పెట్టింది. "ఒరే అప్పన్నా! అమ్మోరు గుమ్మంలోకి ఒచ్చీసింది. నానేటి ఎత్తుకోవాల, ఈ వొయసులో?"

పాక తలుపు కదిలింది. ఆయన స్నానం చేసి, తెల్లపంచె కట్టి, ఎప్పట్నించి సిద్ధంగా ఉన్నాడో గానీ బయటికి వచ్చాడు. తువ్వాలు మూతి మీద లేదు, భుజం మీద ఉంది. శ్రావణి దగ్గర నిలబడ్డాడు. చేతులు చాచలేదు. బాబే చాచాడు. అంతే, నెలల తరబడి తలుపు చెక్కను బాదిన చేతులు ఆయన మెడ చుట్టూ పడ్డాయి. ఆయన వాణ్ణి ఎత్తుకుని భుజాన వేసుకున్నాడు. వాడు ఆయన మీసం పట్టుకుని లాగి, దగ్గరగా మొహం చూసి, గట్టిగా తుమ్మాడు. ఆయన మొహం మీదే.

డప్పు కొడుతూనే ఉంది కానీ మా గుమ్మంలో ఎవరమూ కదల్లేదు. శ్రావణి చేతిలో బిందె గాల్లోనే ఆగింది. నేను జేబురుమాలు తీసి సగం దూరం వెళ్ళి నిలబడ్డాను. సింహాచలమ్మ గారి నోరు తెరుచుకునే ఉంది.

అప్పలనాయుడు కళ్ళు మూసి, తెరిచి, మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. బాబుని కిందికి దించలేదు. ఇంకాస్త పైకి ఎగదోసుకున్నాడు.

"ఏటలా సూస్తన్నారు?" అన్నాడు. "ఘటం నిలబడిపోయింది. నీళ్ళు పొయ్యండి."